మా తోడు పెళ్లికూతురు

మా ఇళ్లల్లో పెళ్లికూతురిని ఒక్కదాన్నే కూర్చోబెట్టరు. నలుగు పెట్టినప్పటి నుంచి ఆమె పక్కన ఇంకో చిన్నపిల్ల ఉండాలి. ఆ పిల్లకూ పసుపు రాస్తారు, తలంటు పోస్తారు, బుగ్గన చుక్క పెడతారు, పట్టులంగా కడతారు. తోడు పెళ్లికూతురు అంటారు. తోడు అంటే ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పరు. పెళ్లి ఫోటోల్లో ఆ పిల్ల ఒక దాంట్లో ఆవలిస్తూ, ఒక దాంట్లో ముక్కు తుడుచుకుంటూ కనబడుతుంది. నా పెళ్లికి తోడు కూర్చున్న మా చిన్నమ్మ కూతురైతే, తాళి కట్టే వేళకు వంటశాలలో లడ్డు తింటూ దొరికింది. కాబట్టి మా అమ్మాయి పెళ్లికి జమ్మలమడుగులో ఉండే నా చెల్లెలి కూతుర్ని తోడు పెళ్లికూతురిని చేద్దామనుకున్నప్పుడు, దాని కొలతలకు లంగా కుట్టించడం తప్ప నేను ఇంకేమీ ఆలోచించలేదు. దానికి అప్పుడు తొమ్మిదేళ్లు.

అది మాత్రం చాలా ఆలోచించింది. అందుకు కారణం ఒక బొమ్మల సినిమా.

ఎండాకాలం సెలవులకు అది ప్రొద్దుటూరులో మా ఇంటికి వచ్చింది. మా అమ్మాయి దాన్ని ఆ సినిమాకు తీసుకుపోయింది. ఇంగ్లీషు సినిమాకు తెలుగు మాటలు పెట్టినది. థియేటరులో చూసింది చాలక, తర్వాత అక్కాచెల్లెళ్లిద్దరూ ల్యాప్‌టాప్ ముందేసుకుని దాన్నే మళ్లీ మళ్లీ చూశారు. నేను బీన్స్ గిల్లుకుంటూనో, నా బడి పిల్లల పేపర్లు దిద్దుకుంటూనో అటూ ఇటూ తిరిగేదాన్ని కాబట్టి ముక్కలు ముక్కలుగా నేనూ చూశాను. అందులో ఎగిరే మొనగాడు ఒకడుంటాడు. ఊరి నిండా వాడి బొమ్మలే. వాడి పక్కన పదేళ్ల పిల్ల. దానికి ఎగరడం రాదు, గోడలు బద్దలు కొట్టడం రాదు. భుజాన ఒక సంచి, సంచి నిండా పనికొచ్చేవీ పనికిరానివీ. అడుగడుగునా తట్టుకుని పడుతుంది. నోరు మాత్రం మూయదు. ఆ మొనగాడికి ఉన్నట్టుండి బలం పోతుంటుంది. ఆ సంగతి ఊరివాళ్లకు తెలిస్తే పరువు పోతుందని వాడు దాచుకుంటాడు. తెలిసింది ఆ పిల్లకొక్కదానికే.

ఒకరోజు ఊరికే అడిగాను, నీకు ఆ ఎగిరేవాడంటే అంత ఇష్టమా అని. అది నన్ను చూసి జాలిపడింది.

"ఎగిరేటోనిదేముంది పెద్దమ్మా, ఎగురుతాడు. ఆ పిల్లకు ఎగరను రాదు. భయమేస్తాంది అని నోరు తెరిచి చెప్తాది. అయినా పోతాది."

అంతటితో ఆగలేదు. ఆ పిల్ల ఎందుకు గొప్పదో వేళ్లు మడిచి చెప్పడం మొదలుపెట్టింది. ఇక్కడే ఉండు అని మొనగాడు చెప్పినా ఉండదట. వాడు ఎవరికీ చెప్పొద్దంటే, చెప్పాల్సి వచ్చినప్పుడు చెప్పేస్తుందట. నేను ముప్పై ఏళ్లుగా పిల్లలకు పాఠాలు చెబుతున్నదాన్ని. చెప్పిన మాట విననిది మంచిపిల్ల ఎట్లవుతుందని గదమాయించాను. అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. నాకు ఒళ్లు మండి లోపలికి వెళ్లిపోయాను.

ఇప్పుడు మా ఇంటి రహస్యం చెప్పాలి. మా అమ్మాయికి పన్నెండో ఏట షుగర్ వచ్చింది. పెద్దవాళ్లకు వచ్చి మాత్రలతో సర్దుకునే రకం కాదు, సూది వేసుకోవాల్సిన రకం. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. సూది వేసుకున్నాక అరగంటలో తినాలి. తినకపోతే ఒంట్లో చక్కెర తగ్గిపోయి చెమటలు పోస్తాయి, కళ్లు తేలిపోతాయి, ఇంకా ఆలస్యమైతే మనిషి దక్కడం కష్టం. ఇంతే. ఇది తప్ప దానికి ఏ లోటూ లేదు. చదువుకుంది, ఒక కాలేజీలో లెక్కలు చెబుతోంది, స్కూటర్ నడుపుతుంది, నాతో సమానంగా పోట్లాడుతుంది. కానీ మా బంధువుల్లో ఈ సంగతి తెలిసింది మా చెల్లెలి ఇంటికి ఒక్కదానికే. మా వీధి మందుల షాపు భాయి, నా అవస్థ కనిపెట్టి, మందును చీరల షాపు కవర్లో చుట్టి ఇచ్చేవాడు. ఎదురైనవాళ్లు ఏం కొన్నావని అడిగితే జాకెట్టు గుడ్డ అనేదాన్ని.

మొదటి సంబంధం వచ్చినప్పుడు నిజమే చెప్పాం. ఇంట్లో మాట్లాడుకుని ఫోన్ చేస్తామన్నారు, చేయలేదు. రెండోసారీ నిజమే చెప్పాం. వాళ్లు ఫోన్ చేశారు, చేసి మా అమ్మాయికి పిల్లలు పుడతారా లేదా అని నన్ను అడిగారు. పుడతారని డాక్టరు చెప్పిన మాట చెబుతుంటే మధ్యలోనే పెట్టేశారు. ఆ రోజు మా అమ్మాయి గదిలోనుంచి బయటికి రాలేదు. నేను ఆ తలుపు బయట కూర్చుని, ఇంకెప్పుడూ ఎవరికీ చెప్పనని ఒట్టేసుకున్నాను.

మూడోది పులివెందుల సంబంధం. వేముల దగ్గర చీనీ తోటలు, అదే బత్తాయి తోటలు ఉన్నవాళ్లు. అబ్బాయి పులివెందులలోనే ఉద్యోగం. మా అమ్మాయికి నచ్చాడు. అది నచ్చాడని నోటితో చెప్పలేదు గానీ, అతను వచ్చి పోయిన రోజు కూనిరాగం తీస్తూ అంట్లు తోమింది. ఈ ఒక్కటీ చేజారనివ్వకూడదనుకున్నాను. మా ఆయన మెత్తని మనిషి, ఆఫీసులో గుమాస్తా. చెబితేనే మంచిదేమో అని ఒక్క మాట అన్నాడు. నేను ఆయన మీద ఎగిరిపడ్డాను. మా అమ్మాయి, అతనికి ఒక్కడికన్నా నేను చెప్పుకుంటానమ్మా అంది. దాని చెయ్యి లాక్కుని నా నెత్తిన పెట్టుకుని ఒట్టు వేయించాను. అది ఏడ్చింది. నేనూ ఏడ్చాను, కానీ ఒట్టు మాత్రం వెనక్కి తీసుకోలేదు.

పెళ్లి ప్రొద్దుటూరులోనే, మాకు దగ్గరగా ఉన్న కల్యాణ మండపంలో. ముహూర్తం పొద్దున తొమ్మిది దాటాక. పెళ్లికూతురు జీలకర్రా బెల్లం పెట్టేదాకా ఉపవాసం ఉండాలి. అది కుదిరే పని కాదు కాబట్టి నేను ఉపాయం ఆలోచించాను. ఆరున్నరకు సూది, ఆ వెంటనే గది తలుపు గడియ వేసి రెండు ఇడ్లీలు. డబ్బా నేనే సర్దాను. ఎవరినీ నమ్మలేదు, నేనే దగ్గరుండి తినిపిస్తానన్నాను.

ఆ పొద్దున పెళ్లికూతురి గదిలో తోడు పెళ్లికూతురు తయారై నిలబడింది. ఎర్రంచు పచ్చ పట్టులంగా, జడగంటలు, కాటుక. చూడముచ్చటగా ఉంది. కానీ భుజాన ఒక సంచి వేలాడుతోంది. ఆ బొమ్మల సినిమా బొమ్మ అచ్చేసిన బడి సంచి, జిప్పు చెడిపోయి పిన్నీసులు పెట్టింది. ఏముంది ఇందులో అని లాగి చూశాను. గ్లూకోజు బిస్కెట్లు, గుప్పెడు చాక్లెట్లు, నీళ్ల సీసా, టార్చి లైటు, రుమాలు. సెలవుల్లో అక్క పక్కన పడుకుని, అక్క సూది వేసుకుంటుంటే చూసి, ఏమైతే ఏం చేయాలో అన్నీ అడిగి తెలుసుకుందట. నాకు అవన్నీ పట్టలేదు. ఫోటోల్లో పెళ్లికూతురి పక్కన ఈ చినిగిన సంచి ఏమిటన్నదే నా బాధ. సంచి తీసి మా ఆయన చేతికిచ్చి స్కూటర్ డిక్కీలో పెట్టి రమ్మన్నాను. అక్కకు అవసరమైతే ఎట్ల పెద్దమ్మా అని అడిగింది. నేనున్నాను కదా అన్నాను.

అదే మాట ఇప్పటికీ నన్ను పొడుస్తుంటుంది. ఎందుకంటే నేను లేను.

మా అమ్మాయి ఆరున్నరకు సూది వేసుకుంది. నేను ఇడ్లీ డబ్బా మూత తీయబోతుంటే, మగపెళ్లివారి బస్సు వచ్చేసిందని కబురొచ్చింది. చెప్పిన వేళ కంటే ముందే వచ్చారు. పెళ్లికూతురి తల్లి లేకుండా ఎదురుకోలు ఎట్లా? రెండు నిమిషాల్లో వస్తాను, గడియ వేసుకుని తినెయ్ అని చెప్పి పరిగెత్తాను. పన్నీరు చల్లడం, బొట్లు పెట్టడం, పానకం ఇవ్వడం. వాళ్ల విడిదిలో ఫ్యాన్లు తిరగడం లేదన్నారు. వాళ్ల పెద్దాయనకు చక్కెర లేని కాఫీ కావాలన్నారు. ఆ మాట విన్నప్పుడు కూడా నాకు నా కూతురు గుర్తుకు రాలేదు. ఆ సందులో మగపెళ్లివారి ఆడవాళ్లు నలుగురు పెళ్లికూతురికి పూలు పెడదామని గదిలోకి పోయి, అక్కడే మంచం మీద స్థిరపడ్డారట. వాళ్ల ముందు డబ్బా తీస్తే ఉపవాసం చెడిందంటారని, ఎందుకు తింటున్నావని అడిగితే చెప్పకూడదని, మా అమ్మాయి చీరల కవరు వెనక్కి డబ్బా నెట్టేసి కూర్చుంది. నా ఒట్టు దాని నోటికి తాళం వేసింది.

తర్వాత జరిగింది నేను రెండుసార్లు చూశాను. ఒకసారి కళ్లతో, అప్పుడు నాకేమీ అర్థం కాలేదు. ఇంకోసారి పెళ్లి వీడియోలో. ఆ వీడియో చూసినప్పుడల్లా నాకు తల కొట్టేసినట్టు ఉంటుంది.

గౌరీపూజ జరుగుతోంది. మా అమ్మాయి పీట మీద ఉంది, తోడు పెళ్లికూతురు పక్క పీట మీద. ముహూర్తానికని నూరి తమలపాకులో పెట్టిన జీలకర్రా బెల్లం అక్కడే పళ్లెంలో సిద్ధంగా ఉంది. మా అమ్మాయి నుదుటి మీద చెమట కారి బొట్టు చెదురుతోంది. వీడియోలో నేను వస్తాను, చూస్తాను, ఫ్యాను ఇటు తిప్పండని ఎవరికో చెప్పి వెళ్లిపోతాను. అయ్యగారు పసుపు వేయమంటే మా అమ్మాయి కుంకుమ గిన్నెలో చెయ్యి పెడుతుంది. అయ్యగారు మళ్లీ చెబుతారు, అది మళ్లీ కుంకుమలోనే పెడుతుంది. అప్పుడు ఆ చిన్నది వంగి అక్క ముఖంలోకి చూస్తుంది. చెవిలో ఏదో అడుగుతుంది. అక్క తల అడ్డంగా ఊపుతుంది. ఎవరికీ చెప్పొద్దు, అమ్మ తిడుతుంది అని చెప్పిందట. చిన్నది లేచి నిలబడి చుట్టూ చూస్తుంది. నేను కనబడతాను. నా వైపు చెయ్యి ఊపుతుంది. నేను అక్కడినుంచే కళ్లురిమి, కూర్చో అని సైగ చేస్తాను.

అది కూర్చోలేదు. పళ్లెంలోని జీలకర్రా బెల్లం వేళ్లతో తీసి అక్క నోట్లో పెట్టింది.

ఒక్కసారిగా గోల. పెళ్లికొడుకు తల మీద పెట్టాల్సినది పెళ్లికూతురు తింటోంది. మగపెళ్లివారి ఆడవాళ్లు నోటికి చెంగు అడ్డం పెట్టుకున్నారు. అయ్యగారు మంత్రం ఆపేశారు. నేను జనాన్ని తోసుకుని వచ్చి ఆ పిల్ల జబ్బ పట్టుకున్నాను. నా చెయ్యి పైకి లేచింది కూడా. వీడియోలో అదీ ఉంది. అది నా చేతిని చూసింది గానీ వెనక్కి తగ్గలేదు. ఇంకో వేలితో మిగిలిన బెల్లం అక్క చిగుళ్లకు రుద్దుతూనే ఉంది.

"అక్కకు షుగర్ పడిపోయింది. కొట్టేది తర్వాత కొడుదువులే, ముందు నీళ్లు తే పెద్దమ్మా."

మండపమంతా వినబడేటట్టు చెప్పింది. నేను పదమూడేళ్లు దాచిందంతా ఆ ఒక్క మాటతో బయటపడింది.

నీళ్లు ఎవరు తెచ్చారో తెలియదు. మా ఆయన ఎప్పుడు పరిగెత్తాడో, ఆ సంచి తెచ్చి దాని చేతిలో పెట్టాడు. అది బిస్కెట్లు నీళ్లలో నాననిచ్చి ఒక్కొక్కటే అక్కకు తినిపించింది. పావుగంటకు మా అమ్మాయి చూపు కుదుటపడింది. నన్ను చూసి, సారీ అమ్మా అంది. సారీ చెప్పాల్సింది అది కాదు. ఆ మాట నేను అప్పుడే చెప్పి ఉంటే బాగుండేది.

తల తిప్పేసరికి పెళ్లికొడుకు తల్లి నిలబడి ఉంది. పొడుగాటి మనిషి, ఎండలో పనిచేసిన చేతులు. చుట్టూ అందరూ ఒకేసారి మాట్లాడుతుంటే ఆమె ఒక్కతే నెమ్మదిగా నన్ను అడిగింది.

"సూదులా, మాత్రలా?"

"సూదులు."

"ఎన్నేండ్ల నుంచి?"

"పన్నెండేండ్ల పిల్లప్పటి నుంచి."

"మాకు చెప్పాలని నీకు తోచల్యా?"

ఆమె నా ముఖం చూసింది. తమవాళ్లందరినీ వెంటబెట్టుకుని విడిదిలోకి పోయి తలుపు వేయించింది. పెళ్లి ఆగిపోయిందని నాకు నేనే నిర్ధారణ చేసుకున్నాను. వంటవాళ్లు కూడా పొయ్యిల మంట తగ్గించి చూస్తున్నారు.

నేను మండపం వెనక మెట్ల మీద కూలబడ్డాను. మంది ముఖాలు చూడలేకపోయాను. కాసేపటికి ఆ చిన్నది వచ్చి, లంగా మడతలు జాగ్రత్తగా పైకి పట్టుకుని, నా పక్కన కూర్చుంది. చేతులకు ఇంకా బెల్లం జిగురుంది. నేను కొడతానని రెండు మెట్లు దూరంగానే కూర్చుంది. నాకు సిగ్గేసింది. దగ్గరికి రమ్మన్నాను. అక్క చెప్పొద్దంటే ఎందుకు చెప్పావని అడిగాను. కోపంతో కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాను.

"భయమేసింది పెద్దమ్మా. నీకు భయమెయ్యలేదా?"

వేసింది. పదమూడేళ్ల నుంచి వేస్తూనే ఉంది. కానీ ఆ పిల్ల భయం అక్క మీద. నా భయం ఎప్పటి నుంచో జనం మీదికి మళ్లిపోయింది. చెమటలు పోస్తున్న కూతుర్ని చూసి ఫ్యాను తిప్పమన్న తల్లిని నేను. నా కళ్ల ముందు ఉన్నది దాని చెమట కాదు, వచ్చినవాళ్లు ఏమనుకుంటారోనన్నదే. ఆ మెట్ల మీద నాకు ఇది స్పష్టంగా అర్థమైంది. అర్థమై ఏడుపొచ్చింది. ఆ పిల్ల తన సంచిలోంచి రుమాలు తీసి ఇచ్చింది.

ఇదంతా జరిగిన నెలకు ఆ బొమ్మల సినిమాను నేను ఒక్కదాన్నే కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చూశాను. అందులో ఎగరడాలు, పడగొట్టడాలు నాకిప్పటికీ గోలగానే ఉన్నాయి. కానీ ఆ సంచి పిల్ల దగ్గర ఒక గుణం కనిపెట్టాను. అందరూ మొనగాడి వైపు నోరు తెరిచి చూస్తుంటే, ఆ పిల్ల ఒక్కతే వాడి కాళ్లు వణుకుతున్నాయా అని చూస్తుంటుంది. సినిమా అంతా దాని పని అదే, చూస్తూ ఉండటం. మా తోడు పెళ్లికూతురు కూడా అంతే. అన్ని వందల మందిలో పెళ్లికూతురి నగలు చూడని మనిషి అదొక్కతే.

ఆ పొద్దున మెట్ల మీద నుంచి మేమిద్దరం లేచి వచ్చేసరికి పెళ్లికొడుకు విడిది గదిలో లేడు. పెద్దలంతా లోపల వాదించుకుంటుంటే అతను బాసికం కట్టుకున్న నుదుటితోనే బయటికి వచ్చేసి, మా అమ్మాయి పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఇప్పుడెట్లుంది అని అడిగాడట. బాగుంది అందట. అతను బిస్కెట్ ప్యాకెట్టు చేతిలో పట్టుకుని ఉన్నాడు. ఒకటి తానూ తిన్నాడు. అతనికీ ఉపవాసమే, ఆకలి వేసి ఉంటుంది.

విడిది తలుపు తెరుచుకుని అతని తల్లి వచ్చింది. కొడుకును చూసింది, కోడలు కాబోయే పిల్లను చూసింది, ఖాళీ పళ్లెం చూసింది. గోడ గడియారం కూడా చూసింది. మా చెల్లెలి వైపు తిరిగి ఒక్క మాట అంది.

"జీలకర్రా బెల్లం మళ్లా నూరండి. టైం అయిపోతాంది."

ప్రాణం లేచొచ్చింది అంటారే, అది నిజంగా ఒంట్లో ఎట్లా ఉంటుందో నాకు ఆ రోజే తెలిసింది. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మా చెల్లెలు వంటశాలకు పరిగెత్తింది. అప్పటికప్పుడు శుభ్రమైన రోలు ఎక్కడ దొరుకుతుంది? వంటవాళ్లు వెల్లుల్లి కారం దంచిన రోలు కడిగి ఇచ్చారు. సరిగా కడగలేదు. అయ్యగారు మిగతా తంతులన్నీ పక్కన పెట్టి గుక్కతిప్పుకోకుండా మంత్రాలు చదివి ముహూర్తం దాటకముందే పని కానిచ్చారు. అల్లుడి తల మూడు రోజులు వెల్లుల్లి వాసన కొట్టిందని మా అమ్మాయి తర్వాత చెప్పి చెప్పి నవ్వింది. తాళి కట్టేటప్పుడు తోడు పెళ్లికూతురు పక్కనే ఉంది, భుజాన సంచితో. ఏ ఫోటో తీసినా ఆ సంచి పడింది. ఎవరూ తీయమనలేదు.

అయితే పెళ్లికొడుకు తల్లి ఆ పగలంతా నాతో మాట్లాడలేదు. భోజనాల దగ్గర నేను వడ్డించబోతే ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టలేదు గానీ తలెత్తి చూడనూ లేదు. ఆమె తప్పేమీ లేదు. నేను ఆమెతో ఆడింది మామూలు అబద్ధం కాదు. రేపటి నుంచి నా కూతురు ఆమె ఇంట్లో ఎట్లా బతకాలన్న భయం మళ్లీ మొదలైంది.

సాయంత్రం అప్పగింతలు. పళ్లెంలో పాలు పోసి, అందులో ముంచిన పెళ్లికూతురి చేతులు అత్తగారి చేతుల్లో పెట్టాలి. మా ఆయనా నేనూ మా అమ్మాయి చేతులు పట్టుకుని ఆమె ముందు నిలబడ్డాం. ఆమె చేతులు చాపలేదు. నా కళ్లల్లోకి చూసింది.

"ఇంకేమన్నా దాచినావా?"

లేదన్నాను. నా బిడ్డ మీద ప్రమాణం అన్నాను. ప్రమాణాలు వద్దంది.

"నేను చీనీ చెట్లతో వేగేదాన్ని. రోగమంటే నాకు భయం లేదు, చెప్పకపోతేనే భయం. ఎట్ల చూసుకోవాలో అది చెప్పు. మొదటి నుంచి చెప్పు."

చెప్పాను. ఆ పాల పళ్లెం ముందు నిలబడి, బంధువులందరూ వింటుండగా చెప్పాను. మందు ఫ్రిజ్‌లో ఎక్కడ పెట్టాలో, పైన ఐసు గడ్డల దగ్గర ఎందుకు పెట్టకూడదో, సూది వేసుకున్నాక ఎంతసేపట్లో తినాలో చెప్పాను. జ్వరమొస్తే ఏం చేయాలో, పండగ ఉపవాసాలు ఎందుకు కుదరవో కూడా చెప్పాను. ఆమె మధ్యలో ఆపి, కొడుకును పిలిచి పక్కన నిలబెట్టుకుని, మళ్లీ చెప్పమంది. మళ్లీ చెప్పాను. చెమట పడితే చూసుకోవాలి అంటుంటే, నా నడుము పక్కనుంచి తోడు పెళ్లికూతురు తల బయటికి పెట్టి, చెమట కంటే ముందు అక్కకు చేతులు తడబడతాయని, ఒకటి పట్టుకోబోయి ఇంకొకటి పట్టుకుంటుందని చెప్పింది. పదమూడేళ్లుగా ఈ జబ్బుతో దాన్ని సాకిన నేను అది కనిపెట్టలేదు. పెళ్లికొడుకు తల్లి వంగి దాని మాట శ్రద్ధగా విని, కొడుకుతో విన్నావా అంది.

నేను మాట్లాడేకొద్దీ నా భుజాలు తేలికవుతున్నాయి. ఎవరో ఏదో అంటారని చూశాను. ఎవరూ ఏమీ అనలేదు. మా వదిన ఒకామె కళ్లు తుడుచుకుంది, ఇంకెవరో తమ పిల్లవాడికి కూడా ఇదే ఉందని గొణిగారు. ఇంత చిన్న పనికి ఇన్నేళ్లు భయపడ్డానా అనిపించింది.

చివరికి, రాత్రిపూట నిద్రలో షుగర్ పడిపోతే తెలియదని, అందుకని నేను రోజూ రెండింటికి అలారం పెట్టుకుని లేచి దాని నుదురు తడిమి చూస్తానని చెప్పాను. అది ఎవరికీ చెప్పని మాట. మా అమ్మాయికీ తెలియదు. అది తల తిప్పి నా వైపు చూసింది.

ఆమె అప్పుడు చేతులు చాపింది. పాలు కారుతున్న నా బిడ్డ చేతులు తన చేతుల్లోకి తీసుకుంది.

"సరే. ఇంగ ఆ రెండింటికి లేచేది మా ఇంట్లో చూసుకుంటాం. నువ్వు పండుకో."

ఆ రాత్రి నేను తెల్లారేదాకా నిద్రపోయాను.